అతివాహకంలో పరాయి పరమాణువు

అతివాహకంలో ఎలక్ట్రాన్లు ఒంటరిగా తిరగవు, జంటలు కడతాయి. ఆ జంటలన్నీ ఒకే తరంగంగా కలిసి కదులుతాయి కాబట్టే విద్యుత్ ప్రవాహానికి నిరోధం పూర్తిగా సున్నా అవుతుంది. అలాంటి లోహంలోకి అయస్కాంత గుణమున్న పరాయి పరమాణువులు చేరితే జంటలు విడిపోతాయి. కొన్ని లోహాల్లో నూటికి ఒక్క పరమాణువు చేరినా చాలు, అతివాహకత దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది. అయస్కాంత గుణం లేని మలినం అదే మోతాదులో కలిస్తే మాత్రం పెద్దగా ఏమీ కాదు. సీసం, నయోబియం, ఇండియం లాంటి సంప్రదాయ అతివాహకాల విషయంలో ఈ నియమం 1960ల తొలినాళ్లకే స్థిరపడింది. 1979 నుంచి బయటపడుతూ వచ్చిన కొత్త తరగతి పదార్థాలు దీన్ని తలకిందులు చేశాయి. రాగి ఆక్సైడుల్లో అయస్కాంత గుణం లేని జింక్ చేసినంత చేటు, ఆ గుణమున్న నికెల్ చేయలేకపోయింది. అలా ఎందుకు జరిగిందో వెతుకుతూ పోతే, ఆ పదార్థాల్లో ఎలక్ట్రాన్లు జతకట్టే తీరే వేరని తేలింది.

అతివాహకత 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో బయటపడింది. కామర్లింగ్ ఓన్స్ ప్రయోగశాలలో పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు, అంటే మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచినప్పుడు దాని నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. కారణం చెప్పడానికి 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఇచ్చిన వివరణ ఇలా సాగుతుంది. స్ఫటికంలో కదిలే ఎలక్ట్రాన్ చుట్టుపక్కల ఉన్న ధన అయాన్లను కాస్త తనవైపు లాగుతుంది. బరువైన ఆ అయాన్లు తిరిగి తమ చోటికి సర్దుకునేలోపే ఎలక్ట్రాన్ వెళ్లిపోతుంది. అది నడిచిన దారిలో కాసేపు ధనావేశం పోగుపడి ఉంటుంది, అది రెండో ఎలక్ట్రాన్‌ను ఆకర్షిస్తుంది. ఒకదాన్నొకటి తోసుకోవలసిన రెండు రుణావేశాలు ఈ విధంగా జతపడతాయి. కూపర్ జంట అని పిలిచే ఈ జోడీలో ఒక ఎలక్ట్రాన్ ఒక దిక్కుకు పోతుంటే రెండోది సరిగ్గా ఎదురు దిక్కుకు పోతుంది; ఒకదాని స్పిన్ పైకి ఉంటే రెండోదాని స్పిన్ కిందికి ఉంటుంది. జంటను విడగొట్టాలంటే కొంత కనీస శక్తి ఖర్చుపెట్టాలి. ఆ కనీస శక్తినే శక్తి అంతరం అంటారు. అంతకన్నా తక్కువ శక్తితో ఒంటరి ఎలక్ట్రాన్ స్థితులేవీ అతివాహకంలో ఉండవు. మలినాల కథంతా ఈ ఖాళీ జాగాలో ఏం పుట్టుకొస్తుందన్నదాని చుట్టూ తిరుగుతుంది.

మలినం తగిలితే సాధారణ లోహంలో ఎలక్ట్రాన్ దారి తప్పుతుంది, నిరోధం పెరుగుతుంది. మరి అతివాహకంలో జంట ఎందుకు చెదరదు? 1959లో ఫిలిప్ ఆండర్సన్ దీనికి సమాధానం చెప్పాడు. కూపర్ జంటలోని రెండు ఎలక్ట్రాన్లు, కాలాన్ని వెనక్కి తిప్పితే ఒకటి రెండోదిగా మారేలా ఉంటాయి. సాధారణ మలినానికి కాలం ముందుకు నడిచినా వెనక్కి నడిచినా ఒకటే. అది రెండింటినీ ఒకే తీరుగా మళ్లిస్తుంది. స్ఫటికం ఎంత కల్తీదైనా, కాలం తిప్పితే ఒకటిగా మారే కొత్త స్థితుల జోడీలు దొరుకుతూనే ఉంటాయి, జంటలు వాటిలో కుదురుకుంటాయి. అయస్కాంత మలినానికి సొంత స్పిన్ ఉంది. కాలాన్ని తిప్పితే ఆ స్పిన్ దిశ మారిపోతుంది, కాబట్టి పైకి తిరిగిన ఎలక్ట్రాన్‌కు అది ఒక రకంగా, కిందికి తిరిగినదానికి మరో రకంగా కనిపిస్తుంది. కాడికి కట్టిన జోడెద్దులకు దారిలో రాయి అడ్డొస్తే రెండూ కలిసి పక్కకు తప్పుకుంటాయి; ఒకదాన్ని కుడికీ రెండోదాన్ని ఎడమకీ అదిలిస్తే కాడి నిలవదు.

ఆండర్సన్ వివరణకు ఏడాది ముందే ప్రయోగం జరిగిపోయింది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో బెర్న్‌డ్ మథియాస్, సూల్, కోరెన్‌జ్విట్ 1958లో లాంథనం లోహంలో ఒక్కో శాతం చొప్పున వేర్వేరు విరళ మృత్తిక లోహాలను కలిపి, అతివాహకత మొదలయ్యే సందిగ్ధ ఉష్ణోగ్రత ఎంత పడిపోతుందో కొలిచారు. అన్నింటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టింది గెడోలినియం. అయస్కాంత భ్రామకం ప్రకారం చూస్తే డిస్ప్రోసియం దానికన్నా బలమైనది. స్పిన్ ప్రకారం చూస్తే మాత్రం విరళ మృత్తికల్లో గెడోలినియమే ముందుంటుంది. అంటే జంటలను చెడగొట్టేది బయటికి తెలిసే అయస్కాంత బలం కాదు. మలినం స్పిన్‌కూ ఎలక్ట్రాన్ స్పిన్‌కూ మధ్య నేరుగా జరిగే వినిమయ చర్యే వాటిని చెడగొడుతుంది. కరిగించిన కొన్ని లోహపు ముక్కలతో ఇంత లోతైన సంగతి బయటపడడం ఆ కాలపు ప్రయోగాల గొప్పతనం.

మాస్కోలో అలెక్సీ అబ్రికోసోవ్, లెవ్ గోర్కోవ్ 1960లో దీనికి పూర్తి గణితం కట్టారు. వారి లెక్క ప్రకారం మలినాలు పెరిగేకొద్దీ సందిగ్ధ ఉష్ణోగ్రత మొదట మలినం మోతాదుకు అనులోమంగా తగ్గి, ఒక దశ దాటాక నిటారుగా కూలిపోతుంది. ఆ లెక్కలోంచి ఎవరూ ఊహించని ఫలితం మరొకటి వచ్చింది. అతివాహకతను పూర్తిగా చంపే మోతాదులో 91 శాతానికి చేరేసరికే శక్తి అంతరం మాయమవుతుంది, కానీ నిరోధం ఇంకా సున్నాగానే ఉంటుంది. అంతరం ఉంది కాబట్టే నిరోధం లేదని అప్పటిదాకా అనుకుంటున్న వారికి ఇది మింగుడుపడని మాట. 1962లో రీఫ్, వుల్ఫ్ ఇనుము కలిసిన ఇండియం పొరల మీద టన్నెలింగ్ కొలతలు తీసి, అంతరం లేని అతివాహకత నిజంగానే ఉందని చూపించారు. శక్తి అంతరం కన్నా జంటలన్నీ ఒకే తరంగంగా ఉండడమే అతివాహకతకు మూలమని దీంతో తేటతెల్లమైంది.

అబ్రికోసోవ్, గోర్కోవ్‌ల లెక్క మలినాల సగటు ప్రభావాన్ని చెబుతుంది. ఒక్క మలినం దగ్గర ఏం జరుగుతుందన్న ప్రశ్నను 1965, 1969 మధ్య చైనాలో యు లు, జపాన్‌లో హిరోయుకి షిబా, సోవియట్ యూనియన్‌లో రుసినోవ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా తేల్చారు. అయస్కాంత పరమాణువు తన చుట్టూ శక్తి అంతరం లోపలే ఒక ఎలక్ట్రాన్ స్థితిని కట్టిపడేస్తుంది. ఆ స్థితి శక్తి ఎంతన్నది మలినం స్పిన్‌కూ ఎలక్ట్రాన్లకూ మధ్య ఉన్న బంధం బలాన్ని బట్టి ఉంటుంది. బంధం బలహీనమైతే అది అంతరం అంచున ఉంటుంది. బలం పెరిగేకొద్దీ లోపలికి జరిగి, ఒక చోట సున్నా శక్తిని దాటుతుంది. దాటిన క్షణాన మలినం ఒక జంటను విడగొట్టి, అందులోని ఒక ఎలక్ట్రాన్‌ను తనకు కట్టేసుకున్నట్టే. మలినాలు ఎక్కువైతే ఇలాంటి స్థితులన్నీ కలిసి ఒక పట్టీగా విస్తరిస్తాయి, అంతరాన్ని పూడ్చేస్తాయి. అంతరం లేని అతివాహకత పుట్టేది ఇలాగే.

ఒక్క పరమాణువు దగ్గర ఈ స్థితిని చూడడానికి మరో మూడు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. సన్నని లోహపు మొనను ఉపరితలానికి పరమాణువంత దూరంలోకి తెచ్చి, మధ్యలో దూకే ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని కొలిచే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు వచ్చాకే అది సాధ్యమైంది. కాలిఫోర్నియాలోని ఐబీఎం అల్మాడెన్ కేంద్రంలో అలీ యజ్దానీ, డాన్ ఐగ్లర్ బృందం 1997లో నయోబియం ఉపరితలం మీద విడివిడిగా ఉన్న మాంగనీస్, గెడోలినియం పరమాణువులను పరిశీలించింది. జీనాన్ పరమాణువులు 35 పేర్చి తన సంస్థ పేరు రాసిన ఐగ్లరే ఇతను. మాంగనీస్, గెడోలినియం దగ్గర అంతరం లోపల స్థితులు కనిపించాయి. అయస్కాంత గుణం లేని వెండి పరమాణువు దగ్గర ఏమీ కనిపించలేదు. ప్రభావం కూడా ఒకటి రెండు నానోమీటర్ల లోపలే ఆగిపోయింది. 1959లో ఆండర్సన్ కాగితం మీద చెప్పిన తేడా ఒక్కో పరమాణువు స్థాయిలో కళ్లకు కట్టింది.

సంప్రదాయ అతివాహకాల కథలో ఇంకో పాత్ర ఉంది. చల్లబరిస్తే లోహపు నిరోధం తగ్గుతూ పోవాలి. కానీ కాస్త ఇనుము లాంటిది కలిసిన బంగారంలోనో రాగిలోనో అది ఒక స్థాయి దాకా తగ్గి మళ్లీ పెరుగుతుంది. 1930ల నుంచీ తెలిసిన ఈ వింతకు 1964లో జున్ కొండో కారణం చెప్పాడు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ మలినం స్పిన్‌కూ ఎలక్ట్రాన్లకూ మధ్య లంకె బిగుసుకుంటుంది. చివరికి చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు ఎదురు స్పిన్‌తో మూగి మలినం స్పిన్‌ను కప్పేస్తాయి. ఇక్కడ అతివాహకతకూ కొండో ప్రభావానికీ పోటీ వస్తుంది, ఎందుకంటే రెండింటికీ కావలసినవి అవే ఎలక్ట్రాన్లు. లాంథనం, అల్యూమినియం సమ్మేళనంలో శాతంలోపు సీరియం కలిపినప్పుడు ఈ పోటీ విచిత్రంగా బయటపడింది. చల్లబరుస్తుంటే పదార్థం అతివాహకమైంది. ఇంకా చల్లబరిస్తే తిరిగి మామూలు లోహమైపోయింది. జర్మనీలో రిబ్లెట్, వింజర్ 1971లో దీన్ని ప్రకటించారు. మరింత చల్లదనం అతివాహకతను చంపిన ఉదాహరణలు ఎక్కువేమీ లేవు.

సీరియం ఇంత చేటు చేస్తుందని తెలిసిన కాలంలోనే 1979లో ఫ్రాంక్ స్టెగ్లిక్ బృందం నమ్మశక్యం కాని ప్రకటన చేసింది. ఒక సీరియం, రెండు రాగి, రెండు సిలికాన్ పరమాణువులతో ఏర్పడిన సమ్మేళనం అర కెల్విన్ దరిదాపుల్లో అతివాహకమవుతోందని అందులో ఉంది. ఈ స్ఫటికంలో ప్రతి ఐదు పరమాణువుల్లో ఒకటి సీరియం. పాత లెక్క ప్రకారం అందులో కొద్ది భాగం ఉన్నా అతివాహకత ఊసే ఉండకూడదు. పైగా సీరియానికి బదులు అయస్కాంత గుణం లేని లాంథనం పెట్టి అదే స్ఫటికాన్ని తయారుచేస్తే అది అతివాహకం కాదు. అంటే అయస్కాంత పరమాణువులు ఇక్కడ మలినాలు కావు, అతివాహకతకు ముడిసరుకే అవి. ఈ పదార్థాల్లో ఎలక్ట్రాన్లు సీరియం స్పిన్‌లతో అల్లుకుపోయి, మామూలు ఎలక్ట్రాన్ కన్నా వందల రెట్లు బరువున్నట్టు ప్రవర్తిస్తాయి. బరువెక్కిన ఆ కణాలే జంటలు కడతాయి. అసంప్రదాయ అతివాహకత అన్న మాటకు అర్థం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

1986లో స్విట్జర్లాండ్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడుల్లో అతివాహకతను కనుక్కోవడంతో దృష్టంతా అటు మళ్లింది. మరుసటి ఏడాదే యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ సమ్మేళనం 93 కెల్విన్ వద్ద అతివాహకమై, ద్రవ నైట్రోజన్ మరిగే 77 కెల్విన్ గీతను దాటేసింది. క్యూప్రేట్లు అని పిలిచే ఈ కుటుంబమంతటా అసలు పని జరిగేది రాగి, ఆక్సిజన్ పరమాణువులు చదరపు గళ్లలా అమరిన పొరల్లో. మిగతా పరమాణువులు ఆ పొరల మధ్య ఉండి ఎలక్ట్రాన్ల సంఖ్యను సరిచేస్తాయి. మాతృ పదార్థంలో పక్కపక్క రాగి అయాన్ల స్పిన్‌లు ఒకటి పైకి, ఒకటి కిందికి బిగుసుకుని ఉంటాయి, అది విద్యుద్బంధకం. కొన్ని ఎలక్ట్రాన్లను తీసేస్తే ఆ బిగువు సడలి అతివాహకత పుడుతుంది. బిగువు సడలినా, పొరుగు స్పిన్‌లు ఎదురెదురుగా ఉండాలన్న మొగ్గు మాత్రం పోదు.

ఈ పదార్థాల్లో మలినాల ప్రయోగాలు వెంటనే మొదలయ్యాయి, వెంటనే తికమకా మొదలైంది. యిట్రియం స్థానంలో గెడోలినియం పెడితే ఏమీ కాలేదు. ప్రతి గూటిలోనూ అంత పెద్ద స్పిన్ కూర్చున్నా, సందిగ్ధ ఉష్ణోగ్రత 90 కెల్విన్‌కు పైనే నిలిచింది. 2.2 కెల్విన్ దగ్గర గెడోలినియం స్పిన్‌లు తమలో తాము వరుసకట్టినా అతివాహకత చెక్కుచెదరలేదు. గెడోలినియం రాగి పొరకు దూరంగా ఉంటుంది, దాని స్పిన్‌తో జంటలకు వినిమయం దాదాపు లేదు. ప్రేసియోడిమియం మాత్రం దీనికి మినహాయింపు. అది పెడితే సాధారణంగా అతివాహకతే రాదు. దానికి కారణం ఆ పరమాణువు 4f కక్ష్యలోని ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌తో కలిసిపోవడమని ఎక్కువమంది చెబుతారు.

రాగి స్థానంలోనే వేరే పరమాణువును పెట్టినప్పుడు కథ మారింది. జింక్ అయాన్‌కు స్పిన్ సున్నా, నికెల్ అయాన్‌కు స్పిన్ ఒకటి. పాత నియమం ప్రకారం నికెల్ దెబ్బ తీయాలి, జింక్ ఊరుకోవాలి. యిట్రియం క్యూప్రేట్‌లో జింక్ ఒక్కో శాతం పెరిగేకొద్దీ సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 10 కెల్విన్ల చొప్పున పడిపోయింది. నికెల్ వల్ల వచ్చిన తగ్గుదల అందులో సగం కూడా లేదు.

ఈ తికమకలో సగం జంటల ఆకారంతో విడిపోయింది. సంప్రదాయ అతివాహకంలో జంట తరంగానికి అన్ని దిక్కులా ఒకే గుర్తు ఉంటుంది. క్యూప్రేట్లలో ఆ తరంగం నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది. ఒక రేకు ధనాత్మకం, పక్క రేకు రుణాత్మకం, వాటి మధ్య కర్ణ దిక్కుల్లో తరంగమూ సున్నా, శక్తి అంతరమూ సున్నా. ఒకే రాగి అయాన్ మీద రెండు ఎలక్ట్రాన్లు కలుసుకుంటే విపరీతమైన వికర్షణ ఉంటుంది కాబట్టి, అవి ఎప్పుడూ ఒకే చోట ఉండకుండా జతకట్టే ఏర్పాటిది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం ప్రయోగశాలలో సూయ్, కర్ట్‌లీ 1994లో మూడు స్ఫటికాలను కోణాలు లెక్కగట్టి అతికి, ఆ అతుకుల చుట్టూ తీసిన ఉంగరంలో సగం క్వాంటం అయస్కాంత ప్రవాహం దానంతటదే చిక్కుకోవడాన్ని చూపడంతో ఈ గుర్తుమార్పు మీద సందేహం చాలావరకు తీరింది.

రేకులకు గుర్తులున్నాయంటే ఆండర్సన్ సూత్రం ఇక్కడ వర్తించదు. ఎలక్ట్రాన్‌ను ధన రేకులోంచి రుణ రేకులోకి మళ్లించే మలినం ఏదైనా, దానికి స్పిన్ ఉన్నా లేకున్నా, జంటను చెడగొడుతుంది. గుర్తులు కలగలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి జింక్ చేటు చేయడంలో వింత లేదు. నికెల్ ఎందుకు తక్కువ చేస్తుందన్నదే మిగిలిన ప్రశ్న. పరమాణు భౌతికశాస్త్రం ఇందుకు కొంత సమాధానం చెబుతుంది. జింక్ అయాన్‌లో బయటి కక్ష్య పూర్తిగా నిండి ఉంటుంది, ఎలక్ట్రాన్లకు ఆ గూడు మూసిన తలుపే. నికెల్ శక్తి స్థాయిలు రాగికి దగ్గరగా ఉండడంతో ఎలక్ట్రాన్లు అంత ఇబ్బంది లేకుండా దాని మీదుగా పోగలవు. జింక్ బలమైన అడ్డంకి, నికెల్ బలహీనమైన అడ్డంకి. నికెల్‌కున్న స్పిన్ ఆ తర్వాతి మాట.

జింక్‌కు స్పిన్ లేదన్నది నిజమే. కానీ జింక్ వచ్చి చేరిన చోట అయస్కాంతత్వం పుడుతుంది. ఫ్రాన్స్‌లోని ఓర్సేలో హెన్రీ అల్లూల్ బృందం యిట్రియం కేంద్రకాలను కావలివారిగా వాడుకుని, కేంద్రక అయస్కాంత అనునాదంతో 1991లో దీన్ని కనిపెట్టింది. ఈ పనిని 1994లో మరింత స్పష్టంగా నిరూపించిన వ్యాసంలో మొదటి పేరు తర్వాతి కాలంలో ఐఐటీ బొంబాయిలో ఆచార్యుడైన ఏ.వి. మహాజన్‌ది. ఎదురెదురు స్పిన్‌ల వరుసలోంచి ఒక రాగిని తీసేస్తే దాని పొరుగు స్పిన్‌లకు జోడీ లేకుండాపోతుంది. జింక్ చుట్టూ ఉన్న రాగి అయాన్ల మీద ఒకటి విడిచి ఒకటి పైకీ కిందికీ ఉండే చిన్న అయస్కాంత మేఘం ఏర్పడుతుంది. నికెల్ తన స్పిన్‌తో ఆ వరుసను ఎంతో కొంత కొనసాగిస్తుంది, అల్లిక తెగదు. క్యూప్రేట్లలో ఎలక్ట్రాన్లను జతకలిపేది ఆ స్పిన్‌ల అల్లికలో పుట్టే ఒడిదుడుకులేనన్న వాదానికి ఇది బాగా సరిపోతుంది. అయస్కాంతత్వం జంటలకు శత్రువు అన్న పాత పాఠం ఇక్కడ మరో రూపం తీసుకుంది. అల్లికను చింపే మలినమే ఇక్కడ హాని చేస్తుంది, అది అయస్కాంతమా కాదా అన్నది వెనక్కి పోయింది.

చింపిన అల్లిక ఎంత మేర పాడవుతుందో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉయెమురా బృందం 1996లో మ్యూయాన్ కణాలతో కొలిచింది. ప్రతి జింక్ చుట్టూ ఒకటి రెండు నానోమీటర్ల వ్యాసార్ధంలో అతివాహక ఎలక్ట్రాన్లు లేకుండాపోయినట్టు, మిగతా చోట మామూలుగానే ఉన్నట్టు లెక్కవేస్తే కొలతలు సరిపోయాయి. రంధ్రాలున్న స్విస్ జున్ను పేరుతో ఈ నమూనా ప్రసిద్ధమైంది. జంట పరిమాణం అల్యూమినియంలో వెయ్యి నానోమీటర్లు దాటుతుంది, క్యూప్రేట్లలో ఒకటి రెండే. అల్యూమినియంలో ఒక్క జంట విస్తరించిన మేరలో లెక్కలేనన్ని మలినాలు పడతాయి, అందుకే అక్కడ సగటు లెక్క చెల్లుతుంది. క్యూప్రేట్‌లో మలినానికి మలినానికి మధ్య దూరం జంట పరిమాణం కన్నా ఎక్కువ కావచ్చు. అబ్రికోసోవ్, గోర్కోవ్‌ల సూత్రాన్ని నాలుగు రేకుల జంటలకు తిరగరాసి అన్వయిస్తే, నిజానికి తగ్గినదానికన్నా వేగంగా అతివాహకత పోవాలని వస్తుంది. సగటు లెక్క పక్కదారి పట్టే చోటు ఇదే.

2000లో ఒక్క జింక్ పరమాణువు చిత్రం దొరికింది. బర్క్‌లీలో షేమస్ డేవిస్ బృందం, టోక్యోలో ఉచిదా, ఐసాకి పెంచిన బిస్మత్ క్యూప్రేట్ స్ఫటికాన్ని 4.2 కెల్విన్ దగ్గర టన్నెలింగ్ మైక్రోస్కోపు కింద పెట్టింది. జింక్ ఉన్న చోట, శక్తి అంతరానికి దాదాపు నడిమధ్యన, సున్నాకు కేవలం 1.5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు దూరంలో పదునైన శిఖరం కనిపించింది. ఆ శక్తి దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయో పటం గీస్తే శిలువ ఆకారం వచ్చింది, దాని చేతులు జంట తరంగం సున్నా అయ్యే దిక్కులకు చాచి ఉన్నాయి. అతివాహకం లోపలి ఆకృతి ఒక్క మలినం చుట్టూ ముద్రపడినట్టు ఉందన్నమాట. బలాట్‌స్కీ, సల్కోలా, రోజెన్‌గ్రెన్ 1995లోనే ఇలాంటి స్థితులుంటాయని లెక్కవేశారు. అంతరం కర్ణ దిక్కుల్లో సున్నా కాబట్టి ఈ స్థితి పూర్తిగా బందీ కాదు. ఆ దిక్కుల గుండా మెల్లగా కారిపోతుంది. నయోబియం మీది మాంగనీస్ స్థితికీ దీనికీ ప్రధానమైన తేడా అదే.

మరుసటి ఏడాది అదే బృందం నికెల్‌ను చూసింది. శిఖరం ఒకటి కాదు, రెండు కనిపించాయి, సుమారు 9, 18 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. నికెల్ స్పిన్ వల్ల పైకి తిరిగిన ఎలక్ట్రాన్‌కు ఒక శక్తి, కిందికి తిరిగినదానికి మరో శక్తి వచ్చి, స్థితి రెండుగా చీలింది. ఆ చీలికను బట్టి నికెల్ అయస్కాంత ప్రభావం దాని మామూలు విద్యుత్ ప్రభావం కన్నా బలహీనమని తేలింది. నికెల్ ఉన్న చోట కూడా అతివాహకత పూర్తిగా చెడిపోలేదు. జింక్ దగ్గర అంతరం అంచునుండే శిఖరాలు అణగిపోయాయి, నికెల్ దగ్గర నిలిచే ఉన్నాయి.

జింక్ శిఖరం ఎందుకు వచ్చిందన్న దానిపై వాదం తెగలేదు. మూసిన తలుపు లాంటి బలమైన అడ్డంకి చాలు, ఆ శిఖరం వస్తుందని ఒక వర్గం అంటుంది. జింక్ చుట్టూ పుట్టిన అయస్కాంత మేఘాన్ని ఎలక్ట్రాన్లు కప్పివేసే క్రమంలో, కొండో ప్రభావం వల్ల వచ్చిందని పోల్కొవ్‌నికోవ్, సుబీర్ సచ్‌దేవ్, వోయ్‌టా 2001లో వాదించారు. మొదటి వివరణకు ఒక చిక్కుంది. దాని ప్రకారం జింక్ గూటి మీద ఎలక్ట్రాన్లు తక్కువగా, పక్కనున్న రాగి మీద ఎక్కువగా ఉండాలి; పటంలో వెలుగు సరిగ్గా జింక్ మీదే పడింది. మైక్రోస్కోపు మొన రాగి పొరను నేరుగా చూడదు. పైనున్న బిస్మత్ పొర గుండా చూస్తుంది, ఆ దారిలో బొమ్మ మారిపోతుందని దీనికి జవాబిచ్చారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. మొదటిది సరళమైనది, రెండోదాన్ని కేంద్రక అనునాద కొలతలు సమర్థిస్తాయి.

2008లో జపాన్‌లో హిదెయో హొసోనో బృందం ఇనుము ఉన్న పదార్థంలో 26 కెల్విన్ దగ్గర అతివాహకతను ప్రకటించడం మరో తలకిందులు. అతివాహకతకు విషమనుకున్న ఇనుమే దాని పునాది అయింది. ఈ కుటుంబంలో ఎలక్ట్రాన్లు కొన్ని వేర్వేరు పట్టీల్లో తిరుగుతాయి. ఒక పట్టీలోని జంటలకు ధన గుర్తు, మరోదానిలోని జంటలకు రుణ గుర్తు ఉంటుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే ప్రతిపాదన. అప్పుడు మలినం ఒకే పట్టీలో మళ్లిస్తే నష్టం లేదు, పట్టీ దాటిస్తే నష్టం. స్పిన్ ఉన్న మలినం పట్టీ దాటించేటప్పుడు లెక్కలు మళ్లీ తిరగబడతాయి, ఒక్కోసారి అది నిరపాయంగానే మిగిలిపోతుంది. అందుకే మలినాల ప్రయోగాలతో గుర్తును తేల్చాలన్న ప్రయత్నం క్యూప్రేట్లలోలా సూటిగా సాగలేదు. ఇదే కుటుంబంలో బేరియం, ఇనుము, ఆర్సెనిక్ సమ్మేళనంలో ఇనుము బదులు కొంత కోబాల్ట్ పెడితే అతివాహకత పుట్టుకొస్తుంది. హొసోనో కనుగొన్న ఫ్లోరిన్ కలిపిన లాంథనం పదార్థంలో ఇనుము బదులు మాంగనీస్ పెడితే 0.2 శాతానికే అతివాహకత చచ్చిపోతుంది. ఒక్క మాంగనీస్ స్పిన్ చుట్టుపక్కల ఇనుము స్పిన్‌లన్నింటినీ తనతో లాగి వరుస కట్టిస్తుందని, చేటు అంత దూరం పాకడానికి అదే కారణమని భావిస్తున్నారు.

బరువైన ఎలక్ట్రాన్ల పదార్థాల్లోనూ మలినం చుట్టుపక్కలను ఇలా లాగేయడం కనిపించింది. సీరియం, కోబాల్ట్, ఇండియం సమ్మేళనం 2.3 కెల్విన్ దగ్గర అతివాహకం. అందులో ఇండియం బదులు కొద్దిగా కాడ్మియం పెడితే, కాడ్మియానికి స్పిన్ లేకపోయినా, దాని చుట్టూ సీరియం స్పిన్‌లు గట్టిపడి అయస్కాంత బిందువులు ఏర్పడతాయి. మోతాదు పెంచితే ఆ బిందువులు ఒకదానికొకటి అంటుకుని స్ఫటికమంతా అయస్కాంత క్రమం పరుచుకుంటుంది. పీడనం పెంచితే అతివాహకత తిరిగొస్తుంది కానీ బిందువులు పూర్తిగా కరిగిపోవు.

జంటల గుర్తు ఏమిటో తెలియని కొత్త పదార్థం దొరికితే ఇప్పుడు మొదట చేసే పరీక్షల్లో ఒకటి స్పిన్ లేని మలినాన్ని కలిపి చూడడం. 1994లో మయెనో బృందం కనుగొన్న స్ట్రాన్షియం రుథెనేట్ సందిగ్ధ ఉష్ణోగ్రత 1.5 కెల్విన్. స్పిన్ లేని మలినం అతి స్వల్పంగా ఉన్నా అది సున్నాకు పడిపోతుందని 1998లో మెకెంజీ బృందం చూపింది. అందులోని జంటలు మామూలువి కావని దాంతో స్థిరపడింది. వాటి స్పిన్‌లు ఒకే దిక్కున ఉన్నాయని రెండు దశాబ్దాలు నమ్మిన మాట మాత్రం 2019లో కొత్త కేంద్రక అనునాద కొలతలతో వెనక్కి పోయింది. మలినం పరీక్ష జంటల గుర్తు మారుతుందో లేదో చెబుతుంది, ఎక్కడ మారుతుందో చెప్పదు.

అయస్కాంత మలినాన్ని కావాలని పెట్టి కొత్త స్థితులు పుట్టించే ప్రయత్నం ఇటీవలిది. ప్రిన్స్‌టన్‌లో యజ్దానీ బృందం 2014లో సీసం ఉపరితలం మీద ఇనుప పరమాణువుల గొలుసులను పెంచింది. ఒక్కో పరమాణువు కట్టిపడేసిన స్థితులు కలిసి పట్టీగా మారాయి, గొలుసు కొసల్లో సరిగ్గా సున్నా శక్తి దగ్గర సంకేతం వచ్చింది. తనకు తానే ప్రతికణమైన మయోరానా స్థితి ఉండవలసిన లక్షణమది. 2015లో ఇనుము, టెల్లూరియం, సెలీనియం అతివాహకంలో గళ్ల మధ్య ఇరుక్కున్న ఒక్క అదనపు ఇనుప పరమాణువు దగ్గర కూడా సున్నా శక్తి శిఖరం కనిపించింది. బలమైన అయస్కాంత క్షేత్రం పెట్టినా అది చీలలేదు, జరగలేదు. మామూలు బంధిత స్థితి క్షేత్రం పెరిగితే కదలాలి. రెండు చోట్లా ఇది నిజంగా మయోరానాయేనా, యు, షిబా, రుసినోవ్‌లు చెప్పిన స్థితే యాదృచ్ఛికంగా సున్నా దగ్గర వాలిందా అన్న ప్రశ్న మిగిలే ఉంది. శిఖరం ఎత్తు ఎంత, కొలిచే మొనను ఇంకా దగ్గరికి తెస్తే అది ఎక్కడ స్థిరపడుతుంది అన్న కొలతల మీదే ఇప్పుడు వాదమంతా నడుస్తోంది.